మెట్లు ఎక్కడున్నాయో చూడండి: హైదరాబాద్ ఇళ్లలో ఏది ఏ రకం

హైదరాబాద్‌లో ఇల్లు అమ్మకానికి పెట్టినవాళ్లు ఇండిపెండెంట్ హౌస్, డూప్లెక్స్, విల్లా అనే మూడు మాటల్ని ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు. 150 గజాల్లో కట్టిన జి ప్లస్ వన్‌కి (కింద ఒక అంతస్తు, పైన ఒకటి) లోపల మెట్లు పెడితే డూప్లెక్స్ అంటారు. అదే ఇల్లు గేటూ సెక్యూరిటీ గదీ ఉన్న వెంచర్‌లో ఉంటే విల్లా అయిపోతుంది. ముందువైపు గ్లాసు, క్లాడింగు వేశాక రోడ్డు మీద నుంచి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి కూడా. కానీ ఈ ఇళ్లు వాడుకలో వేరు, అద్దెకివ్వడంలో వేరు, రేపు మార్చుకోవాలన్నా పడగొట్టి కట్టుకోవాలన్నా వేరు. కొనే ముందు ఆ తేడా తెలియాలి. అది ఎలివేషన్‌లో, అంటే ఇంటి ముందువైపు రూపంలో, దొరకదు, ప్లాన్‌లోనే దొరుకుతుంది. ప్లాన్‌లో కూడా ముందు చూడాల్సింది హాలు సైజు కాదు, మెట్లు. అవి ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతున్నాయి, పైకి వెళ్లే మనిషి ఎవరి ఇంట్లోంచి నడవాలి అన్నది చూస్తే సగం సంగతి తేలిపోతుంది.

ముందుగా కొలతలు. మన దగ్గర స్థలం గజాల్లో, కట్టడం చదరపు అడుగుల్లో చెప్తారు. ఒక చదరపు గజం అంటే 9 చదరపు అడుగులు. 30×60 ప్లాటు 200 గజాలు, 30×45 అయితే 150, 20×45 అయితే 100. 200 గజాలంటే దాదాపు 167 చదరపు మీటర్లు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ఉత్తర్వు, జీవో 168, పట్టిక ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల మధ్య ప్లాటుకు, రోడ్డు 40 అడుగుల్లోపు ఉంటే, ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. అంటే 30×60లో ఇంటికి మిగిలేది సుమారు 23 అడుగుల 6 అంగుళాలు × 51 అడుగుల 9 అంగుళాలు, దగ్గర దగ్గర 1,216 చదరపు అడుగులు. కారు, మెట్లు, గదులు అన్నీ అందులోనే సర్దాలి. ప్లాటు సైజు, ఎత్తు, రోడ్డు వెడల్పు మారితే ఈ లెక్కా మారుతుంది కాబట్టి మీ ప్లాటు ఏ వరుసలోకి వస్తుందో లైసెన్స్ ఉన్న ఇంజనీరుతో చూపించుకోండి.

ఇక నగరంలో ఎక్కువగా కనిపించే పోర్షన్ల ఇల్లు. ఓనరు ఒక అంతస్తులో ఉంటారు, మిగిలింది అద్దెకు. దిల్‌సుఖ్‌నగర్, మల్కాజ్‌గిరి, కూకట్‌పల్లి పాత కాలనీల్లో గల్లీలకు గల్లీలే ఇలా ఉంటాయి. మెట్లు బయట ఉంటాయి. గేటు తీయగానే పక్కనో, పోర్టికో చివరో మొదలై హాలు తలుపు తట్టకుండానే పైకి పోతాయి. ప్రతి అంతస్తులో వంటగది, ఎక్కువసార్లు ప్రతి పోర్షన్‌కీ వేరే కరెంటు మీటరు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గోడ మీది మీటర్లు లెక్కపెట్టండి. రెండో మూడో ఉంటే ఆ ఇల్లు పోర్షన్లుగా నడిచిందనే అర్థం, బోర్డు మీద ఏం రాసినా సరే.

ఈ రకంలో తరచూ చెడేది మెట్ల కింది బాత్‌రూం. మెట్లు రెండు సగాలుగా ఉండి మధ్య ల్యాండింగ్ సరిగ్గా సగం ఎత్తులో వస్తే, దాని కింద దొరికేది అయిదు అడుగుల చిల్లర. స్లాబు మందం పోగా మనిషి నిలబడలేడు. కింద బాత్‌రూం కావాలంటే మొదటి వరస మెట్లు పొడవుగా పోవాలి. 10 అడుగుల 6 అంగుళాల ఎత్తుకు 20 మెట్లు అనుకుంటే ఒక్కో మెట్టు 6.3 అంగుళాలు, 13 మెట్ల తర్వాత ల్యాండింగ్ పెడితే 6 అడుగుల 10 అంగుళాల ఎత్తు వస్తుంది, స్లాబు తీసేసినా 6 అడుగుల 4 అంగుళాలు మిగులుతుంది. ఇది సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు) కొట్టకముందే తేల్చుకోవాలి. తర్వాత నేల తవ్వి లోతు చేస్తే బాత్‌రూం మట్టం బయటి డ్రైనేజీ కన్నా కిందికి పోయి నీళ్లు వెనక్కి తన్నుతాయి.

డూప్లెక్స్ అంటే రెండు అంతస్తులూ ఒకే కుటుంబానివి, మెట్లు ఇంట్లోనే. మామూలుగా కింద హాలు, డైనింగ్, వంటగది, పూజగది, పెద్దవాళ్లకొక బెడ్‌రూం ఉంటాయి. పైన మిగతా బెడ్‌రూంలు, ఒక ఫ్యామిలీ లాంజ్. వంటగది ఒకటే. మెట్లు హాల్లోనో డైనింగ్ పక్కనో లేస్తాయి. అసలు గుర్తు ఏమిటంటే, పై అంతస్తులో ఉన్నవాళ్లు వీధిలోకి వెళ్లాలంటే కింది హాలు దాటక తప్పదు.

మెట్లకు ఎంత చోటు పోతుందో చాలామంది లెక్క వేసుకోరు. 10 అడుగుల 6 అంగుళాలు అంటే 126 అంగుళాలు. ఏడేసి అంగుళాల చొప్పున 18 ఎత్తులు. వరసకు తొమ్మిది, చివరిది ల్యాండింగ్ మీదికే కాబట్టి కాలు పెట్టే పలకలు ఎనిమిది, ఒక్కోటి పది అంగుళాల వెడల్పు: 6 అడుగుల 8 అంగుళాలు. దానికి మూడు అడుగుల ల్యాండింగ్ కలిపితే 9 అడుగుల 8 అంగుళాలు. వెడల్పు మూడు ప్లస్ మూడు, మధ్య సందు ఆరు అంగుళాలు. మొత్తం 63 చదరపు అడుగులు, రెండు అంతస్తుల్లో కలిపి 126, అంటే 14 గజాలు. 100 గజాల ప్లాటులో డూప్లెక్స్ ఇరుకుగా అనిపించేది ఇందుకే. అక్కడ మెట్లు కుదించడానికి పలక వెడల్పు ఎనిమిది అంగుళాలకు తగ్గిస్తారు. దిగేటప్పుడు పాదం పట్టదు. జాతీయ బిల్డింగ్ కోడ్ ఇళ్లకు చెప్పిన హద్దు: మెట్టు పలక వెడల్పు 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, ఎత్తు 190 మిల్లీమీటర్లకు మించకూడదు. వాస్తు కోసం బేసి సంఖ్య కావాలంటే 17 మెట్లకు ఎత్తు 7.4 అంగుళాలు, హద్దుకు దగ్గర, పెద్దవాళ్ల మోకాళ్లకు కష్టం. 19 అయితే 6.6, 21 అయితే సరిగ్గా 6. చోటుంటే 19 పెట్టుకోండి.

ఇంకో చిన్న విషయం దాదాపు ప్రతి ఇంట్లో తప్పుతుంది. మేస్త్రీ కాంక్రీటులో మెట్లన్నీ ఏడేసి అంగుళాలకు సమానంగా పోస్తాడు. తర్వాత గది నేల మీద మాలు బెడ్డూ టైలూ కలిపి మూడు అంగుళాలు లేస్తుంది, మెట్ల మీద గ్రానైటూ మాలూ కలిపి అంగుళం ముప్పావే లేస్తుంది. దాంతో కింది మొదటి మెట్టు అయిదు ముప్పావుకు తగ్గుతుంది, పైన చివరి మెట్టు ఎనిమిదింపావుకు పెరుగుతుంది. మధ్యలో అన్నీ ఏడు. పైకి చేరే చోట కాలు తట్టుకునేది ఈ తేడాకే. మందు సులువు: పోసేటప్పుడే మొదటి మెట్టు ఎనిమిదింపావు, చివరిది అయిదు ముప్పావు పోయించాలి. గ్రానైటు పడ్డాక అన్నీ ఏడుకొస్తాయి. కట్టిన ఇల్లు కొంటున్నట్టయితే టేపు పెట్టి మొదటి మెట్టు, చివరి మెట్టు కొలవండి.

డూప్లెక్స్ అనగానే హాలు మీద స్లాబు లేకుండా రెండంతస్తుల ఎత్తు వదలడం ఇప్పుడు రివాజైంది. 12×14 ఖాళీ వదిలితే పైన 168 చదరపు అడుగుల గది పోయినట్టే. కంటికి బాగుంటుంది, గాలి పైకి లేస్తుంది, నిజమే. అయితే అంత ఎత్తులో ఏసీ చల్లదనం నిలవదు. మే నెలలో ఆ హాలు చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. కింద టీవీ పెడితే పై బెడ్‌రూంలో చదువుకునే పిల్లలకు వినబడుతుంది. పై కిటికీ అద్దం తుడవాలంటే పరంజా కావాలి. అంతకన్నా ముఖ్యం, ఇరవై అడుగుల ఎత్తు లేచే తొమ్మిదంగుళాల ఇటుక గోడకు మధ్యలో, పది అడుగుల మట్టంలో, చుట్టూ బీము ఉండాలి. అది లేకపోతే కొన్నాళ్లకు కిటికీ మూలల నుంచి ఐమూలగా పగుళ్లు తీస్తాయి. చోటు చాలక తర్వాత ఆ ఖాళీని స్లాబుతో మూసేవాళ్లూ ఉన్నారు. అక్కడి బీములు ఆ బరువుకు లెక్కగట్టినవి కావు. స్ట్రక్చరల్ ఇంజనీరు లేకుండా బీములకు డ్రిల్ చేసి ఊచలు దించి స్లాబు పోయడం ప్రమాదం. 200 గజాల్లోపు ఇంటికి ఈ ఎత్తు హాలు వద్దనే చెప్తాం. ఆ గది రేపు అమ్మానాన్నలకో అల్లుడూ కూతురూ వచ్చినప్పటికో పనికొస్తుంది.

పోర్షన్లా, డూప్లెక్సా అని తేల్చుకోలేనివాళ్లకు ఒక మధ్యే మార్గం ఉంది. మెట్లను ఇంటి ముందు మూలకు, సిట్‌అవుట్ పక్కన పెట్టి ఆ మెట్ల గదికి రెండు తలుపులు ఇవ్వండి: ఒకటి హాల్లోకి, ఒకటి బయటికి. ఇవాళ బయటి తలుపు గడియ పెట్టుకుంటే డూప్లెక్స్. పదేళ్ల తర్వాత హాలు తలుపు మూసేస్తే పైన వేరే పోర్షన్. దీనికి కట్టేటప్పుడే మూడు పనులు చెయ్యాలి. కింది వంటగదికి సరిగ్గా పైన ఉన్న గదిలో సింకు నీళ్ల లైనూ డ్రైనేజీ పాయింటూ ఇచ్చి మూత బిగించాలి. పై అంతస్తు కరెంటు వైరింగు మొత్తం విడిగా ఒక డిస్ట్రిబ్యూషన్ బోర్డుకు తేవాలి. ట్యాంకు నుంచి పై అంతస్తుకు వాల్వుతో వేరే లైను దించాలి. అప్పుడే చేస్తే ఖర్చు తక్కువ. తర్వాతంటే టైల్సు పగలగొట్టాల్సిందే. వాస్తు చూసుకునేవాళ్లకు ఇక్కడొక చిక్కు: మెట్లు ఈశాన్యంలో వద్దంటారు. తూర్పు ఫేసింగ్ ప్లాటుకు ముందు మూలల్లో ఒకటి ఈశాన్యం, ఇంకోటి ఆగ్నేయం. ఆగ్నేయంలో మెట్లు పెడితే వంటగది వాటి వెనక్కి జరగాలి. పడమర ఫేసింగ్‌కి నైరుతిలో పెట్టేయొచ్చు, కానీ మాస్టర్ బెడ్‌రూం కొంచెం లోపలికి జరుగుతుంది.

మెట్ల తర్వాత చూడాల్సింది పక్క గోడ. నాలుగు వైపులా తిరిగి రాగలిగితే విడి ఇల్లు. ఒక గోడ పక్కింటితో కలిస్తే జంట ఇల్లు. రెండు పక్కలా కలిస్తే రో హౌస్. హౌసింగ్ బోర్డు కాలనీల్లో చిన్న ఎల్ఐజీ (తక్కువ ఆదాయ వర్గాల) ఇళ్లు ఇలా గోడలు కలిపి వరసగా కట్టినవే ఎక్కువ. ఇప్పుడు వాటిలో చాలా వాటిని పడగొట్టి మూడంతస్తులు లేపారు కాబట్టి బయటికి తెలియదు. రో హౌస్‌లో కిటికీలు ముందూ వెనకా మాత్రమే. పగటి వెలుగు కిటికీ పైఅంచు ఎత్తుకు రెండు రెండున్నర రెట్ల దూరం దాకా పనికొచ్చేంత వస్తుంది. లింటెల్, అంటే కిటికీ పైన వేసే దూలం, ఏడు అడుగుల ఎత్తులో ఉంటే 14 నుంచి 17 అడుగులు. ముందూ వెనకా కలిపి 30, 35 అడుగుల లోతు ఇంటికి సరిపోతుంది. అంతకు మించితే మధ్య గదిలో మధ్యాహ్నం కూడా లైటు వెయ్యాలి. దానికి డక్ట్ (వెలుగూ గాలీ దిగే నిలువు సందు) వదులుతారు. డక్ట్ పైన ఆకాశానికి తెరిచి ఉండాలి. దాన్ని రేకుతో కప్పేస్తే బాత్‌రూం వాసన మధ్య గదిలోకే వస్తుంది. మూడు అడుగుల కన్నా ఇరుకు డక్ట్‌లో ప్లంబర్ దిగి పైపు బాగుచెయ్యలేడు.

గోడ కలిసిన ఇల్లు కొనే ముందు తెలుసుకోవాల్సిందేమిటంటే, రెండిళ్లకూ విడివిడి కాలమ్‌లు, మధ్య సందు ఉన్నాయా, ఒకే గోడ ఇద్దరిదీనా? టెర్రస్ ఎక్కి చూస్తే పిట్టగోడలు రెండూ పక్కపక్కన లేచాయో ఒకటే ఉందో కనిపిస్తుంది. ఒకటే అయితే పక్కవాళ్లు పడగొట్టినప్పుడు మీ ఇంటికి దెబ్బ. వాళ్ల బాత్‌రూం లీకైతే మీ బెడ్‌రూం పెయింటు పొక్కుతుంది.

విల్లా అన్న మాటకు కట్టడంలో వేరే అర్థం ఏమీ లేదు. కొల్లూరు, మోకిల, తెల్లాపూర్ వైపు వెంచర్లలో ఉన్నవి ఎక్కువగా విడి డూప్లెక్స్‌లో ట్రిప్లెక్స్‌లో (ఒకే కుటుంబానికి మూడంతస్తులు), కొన్ని జంట ఇళ్లు. తేడా కాగితాల్లో ఉంటుంది. సేల్ డీడ్‌లో ప్లాటు మొత్తం మీ పేరు మీద హద్దులతో రాశారా, లేక మొత్తం భూమిలో అవిభాజ్య వాటా ఇచ్చారా? రెండోదైతే రేపు పడగొట్టి మీ ఇష్టం వచ్చినట్టు కట్టుకోవడం కుదరకపోవచ్చు. బ్రోచర్‌లో చదరపు అడుగులు చెప్పినప్పుడు కార్పెట్ ఏరియా అడగండి. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం అందులో లోపలి అడ్డుగోడలు కలుస్తాయి, బయటి గోడలు, బాల్కనీలు, ఓపెన్ టెర్రస్ కలవవు. పోర్టికో, సిట్‌అవుట్, డబుల్ హైట్ ఖాళీ కలిపేసి చెప్పే అంకెకూ దీనికీ తేడా ఎంతో ఆ ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది.

ట్రిప్లెక్స్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మూడో అంతస్తు హోం థియేటర్, జిమ్ పేరుతో సామాన్ల గదిగా మారుతుంది. లిఫ్టు ఇవాళ వద్దనుకున్నా 5×5 అడుగుల చోటు మూడు అంతస్తుల్లో ఒకే నిలువులో వదిలి, ఆ స్లాబు ముక్క చుట్టూ బీములు వేయించండి. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ గుట్టల మీద ఇంకో రకం కనిపిస్తుంది: రాయి కొట్టలేక వాలును అలాగే ఉంచి, అర అంతస్తు చొప్పున గదులు లేపిన ఇళ్లు. హాలు నుంచి తొమ్మిది మెట్లు ఎక్కితే బెడ్‌రూం, తొమ్మిది దిగితే డైనింగ్. అందమైన పద్ధతి, కానీ వీల్‌చైర్ ఒక్క గది కూడా దాటదు. కొండవైపు గోడలో వానాకాలం చెమ్మ ఊరుతుంది. ఆ గోడ వెనక కంకరా నీళ్లు పోయే పైపూ ఉన్నాయో లేదో అడగండి.

పాత ఇళ్ల దగ్గరికొస్తే మెట్లు పెద్ద ఆధారం కావు, ఆకాశం ఎటు ఉందో చూడాలి. తెలంగాణలో భవంతి అనీ, కోస్తాలో మండువా లోగిలి అనీ పిలిచే ఇంట్లో ఖాళీ నడుమ ఉంటుంది, గదులు దాని చుట్టూ. సికింద్రాబాద్ కంటోన్మెంట్ బంగళాలో ఇల్లు నడుమ ఉంటుంది, ఖాళీ చుట్టూ. పాతబస్తీ దేవిడీలో, అంటే పెద్దింటివాళ్ల హవేలీలో, ఒకటికి మించి ఆవరణలుంటాయి. ముందుది మగవాళ్ల మర్దానా, వెనకది ఆడవాళ్ల జనానా. పెద్ద దర్వాజ తెరిచి ఉన్నా రోడ్డు మీది చూపు లోపలి ఆవరణ దాకా పోకుండా దారిని మలుపు తిప్పుతారు.

అసలైన మండువాకు గుర్తు నాలుగు వైపుల పెంకు కప్పు లోపలికి వాలడం, నడుమ నేల దిగుడుగా ఉండి నీళ్లు పోవడానికి తూము ఉండటం. ఇప్పటి ఇళ్లలో స్లాబుకు చదరంగా బొక్క పెట్టి పైన పాలికార్బొనేట్ షీటు వేసి దాన్నే మండువా అంటున్నారు. అది స్కైలైట్, అంతే. గాలి బయటికి పోదు, ఎండకు షీటు కాగి కింద వేడి పడుతుంది, కొన్నేళ్లకు స్క్రూల దగ్గర కారుతుంది. నిజంగా తెరిచిన మండువా కావాలనుకుంటే నీళ్ల లెక్క ముందు వెయ్యండి. 30×30 కప్పు లోపలికి వాలితే 900 చదరపు అడుగుల మీద ఒక్క అంగుళం వానకే 2,100 లీటర్ల పైచిలుకు నీళ్లు నడుమ పడతాయి. 2020 అక్టోబరులో పడ్డలాంటి వానకు ఒక తూము ఆకులతో మూసుకుపోతే నీళ్లు గదుల్లోకే. నాలుగంగుళాల పైపులు రెండు, వేర్వేరు మూలల నుంచి బయటికి వెయ్యాలి. మండువా నేల గదుల నేల కన్నా అడుగు కిందికి ఉండాలి. పైన దొంగలకూ కోతులకూ ఇనుప జాలీ, దోమలకు తియ్యడానికి వీలుండే వల. రెండంతస్తుల ఇంట్లో 8×8 కన్నా చిన్నగా వదిలితే కింద వెలుగు రాదు. అంత చోటు లేకపోతే మండువా ఆశ వదిలేసి వెనకవైపు పెరడు పెంచుకోవడం మేలు.

పాత ఇల్లు కొని పైన ఇంకో అంతస్తు వేసుకుందామనుకునేవాళ్లు గోడ మందం చూడాలి. కిటికీ దగ్గర కొలిస్తే తెలుస్తుంది. 14, 18 అంగుళాల రాతి గోడ, మూలల్లో ఎక్కడా కాలమ్ కనిపించకపోతే బరువంతా గోడలే మోస్తున్నాయి. కప్పు ఇనుప గర్డర్ల మధ్య ఇటుక కమాన్లతో కట్టిందైతే దాని మీద కొత్త గోడ లేపకూడదు. కాలమ్‌లున్న ఇంట్లో టెర్రస్ మీద ఊచలు వదిలి ఉంటే పునాది పై అంతస్తుకు కట్టారని అమ్మేవాళ్లు చెప్తారు. ఆ ఊచలు తుప్పుపట్టి పొరలు ఊడుతుంటే వాటి మీద నమ్మకం పెట్టుకోలేం. పునాది ఎంత బరువుకు వేశారో డ్రాయింగు చూపించమనాలి.

చివరగా టెర్రస్ మీది గది. మెట్లు ముగిసే చోట హెడ్‌రూం (మెట్ల మీది చిన్న గది) ఉండాలి, ట్యాంకు ఉండాలి. దానికి బాత్‌రూం, వంటగట్టు, రేకుల వరండా చేరితే హైదరాబాద్‌లో దాన్ని పెంట్‌హౌస్ అంటారు, అద్దె కూడా వస్తుంది. మంజూరైన ప్లాన్ తెప్పించుకుని అన్నిటికన్నా పై అంతస్తు షీటు తిప్పండి. అందులో మెట్ల గది ఒక్కటే గీసి ఉండి, పైన మనుషులు కాపురముంటున్నట్టయితే ఆ గదికి ధర కట్టకండి. బ్యాంకు వాల్యుయేషన్‌కు వచ్చే ఇంజనీరు కూడా చూసేది ఆ షీటే.